కింగ్లీ స్ట్రీట్ డిటెక్టివ్ కార్డీలియా గ్రే



లండన్ నగరంలో సోహో పేటలో కింగ్లీ స్ట్రీట్ అని ఒక ఇరుకు వీధి ఉంది. ఒక రోజు పొద్దున్నే 22 ఏళ్ళ అమ్మాయి ఆ వీధిలోని తన ఆఫీసుకు వస్తుంది. దారిలో భూగర్భ రైలు మొరాయించడం వల్ల అప్పటికే ఆలస్యమైంది. ఆఫీసు గోడకు కంచు పలక ఉంది. దానిమీద ప్రైడ్స్ డిటెక్టివ్ ఏజెన్సీ అని, దాని కింద యజమానులుగా బెర్నార్డ్ ప్రైడ్, కార్డీలియా గ్రే అని రెండు పేర్లు. ఆ రెండో పేరు ఈ అమ్మాయిదే. పైకి వెళ్ళి చూస్తే మొదటి పేరుగల మనిషి కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. మానని జబ్బు చేసిందని తెలిసి ప్రాణం తీసుకున్నాడు. ఆయన ఆమెకు వదిలివెళ్ళిన ఆస్తి ఏమిటంటే గిరాకీ లేని ఒక డిటెక్టివ్ ఏజెన్సీ, లైసెన్సు లేని ఒక తుపాకి.

బ్రిటిష్ రచయిత్రి పి. డి. జేమ్స్ 1972లో రాసిన ‘యాన్ అన్‌సూటబుల్ జాబ్ ఫర్ ఎ ఉమన్’ నవల ఇలా మొదలవుతుంది. ‘ఆడవాళ్ళకు తగని పని’ అని దాని పేరు. పదేళ్ళ తరువాత, 1982లో, క్రిస్ పెటిట్ అనే దర్శకుడు అదే పేరుతో దాన్ని సినిమాగా తీశాడు. ఆ ఏడాది బెర్లిన్ చలనచిత్రోత్సవంలో అది ప్రదర్శితమైంది. తరువాత పెద్దగా ఎవరూ దాన్ని తలచుకోలేదు. కానీ తలచుకోవలసిన సినిమా అది. బ్రిటిష్ తెరమీద నేరాలు ఛేదించిన ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ పని చేసుకునే అద్దె కట్టి, బతుకు వెళ్ళదీసుకోవలసిన ఆడమనిషి మాత్రం చాలా అరుదు. కార్డీలియా అలాంటి మనిషి.

బెర్నీ ప్రైడ్ ఒకప్పుడు లండన్ పోలీసుశాఖలో డిటెక్టివ్. అక్కడ ఉద్యోగం పోయింది. ఆయన్ని పంపించేసిన అధికారి ఆడమ్ డాల్‌గ్లీష్. పి. డి. జేమ్స్ నవలల్లో పేరుమోసిన పోలీసు అధికారి, కవి కూడా అయిన డాల్‌గ్లీషే ఆయన. ఉద్యోగం ఊడగొట్టిన మనిషిమీద బెర్నీకి పగ ఉండాలి. ఉన్నదేమో భక్తి. ఆయన దగ్గర నేర్చుకున్న సూత్రాలనే రోజూ ఈ అమ్మాయికి పాఠంలా చెప్పేవాడు. చనిపోయిన మనిషి ఎలాంటివాడో ముందు తెలుసుకోవాలి, అతని గురించి ఏ చిన్న సంగతినీ పనికిరానిదని పక్కన పెట్టకూడదు అన్నది వాటిలో ముఖ్యమైనది. ఈ ఒక్క పాఠం మీదే మొత్తం కథ నడుస్తుంది.

బెర్నీ పోయాక చుట్టుపక్కలవాళ్ళంతా కార్డీలియా ఏజెన్సీ మూసేస్తుందనే అనుకుంటారు. ఆయన అలవాటుగా వెళ్ళే బారులో పనిచేసే ఆవిడ సానుభూతిగానే, ఇది ఆడపిల్లకు తగిన పని కాదు, వేరే ఉద్యోగం చూసుకోమని సలహా ఇస్తుంది. నవల పేరు అక్కడినుంచే వచ్చింది. ఆ మాట అన్నది ఇంకో పనిచేసుకునే ఆడమనిషే. రచయిత్రి ఈ మాటను ఏ మీసాల పెద్దమనిషి నోటనో పెట్టి చేతులు దులుపుకోలేదు. మంచి కోరేవాళ్ళే ఆ మాట అంటారని ఆమెకు తెలుసు.

తెలియకేం? ఆమె జీవితమే అలా గడిచింది. పి. డి. జేమ్స్, అంటే ఫిలిస్ డొరొతీ జేమ్స్, 1920లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టింది. కేంబ్రిడ్జిలో ఆడపిల్లల హైస్కూల్లో చదివింది. 16 ఏళ్ళకే చదువు ఆగిపోయింది. ఆడపిల్లకు పెద్ద చదువు అవసరమని తండ్రి అనుకోలేదు. యుద్ధకాలంలో ఒక డాక్టరును పెళ్ళి చేసుకుంది. ఆయన సైన్యంలో వైద్యుడిగా పనిచేసి తిరిగివచ్చేసరికి మనసు దెబ్బతిన్నది. ఆ తరువాత చాలాకాలం ఆసుపత్రుల్లోనే గడిపి 1964లో చనిపోయాడు. ఇద్దరు కూతుళ్ళు. సంపాదించేది ఆమె ఒక్కతే. 1949 నుంచి 1968 వరకు ఆసుపత్రుల పాలనావిభాగంలో పనిచేసింది. ఆపైన పోటీపరీక్ష రాసి హోం శాఖలో చేరి, పోలీసు విభాగంలోనూ, నేరవిధానాల విభాగంలోనూ పనిచేసి 1979లో రిటైరైంది. తెల్లవారుజామున లేచి, ఆఫీసుకు బయల్దేరే లోపల రాసుకునేది. మొదటి నవల 1962లో అచ్చయ్యేనాటికి ఆమెకు 40 దాటాయి. తరువాత్తరువాత ఆమెను బ్రిటిష్ ప్రభువుల సభ సభ్యురాలిగా నియమించారు. బీబీసీ గవర్నర్లలో ఒకరిగా కూడా పనిచేసింది. అయితే కార్డీలియాను సృష్టించే నాటికి ఆమె పొద్దున్నే రైలెక్కి ఆఫీసుకెళ్ళే ప్రభుత్వోద్యోగి.

1972 నాటి బ్రిటన్ ఎలా ఉండేదో కాస్త గుర్తుచేసుకుంటే ఈ పుస్తకం పేరులోని పదును అర్థమవుతుంది. ఒకే పనికి ఆడామగా ఇద్దరికీ సమాన జీతం ఇవ్వాలనే చట్టాన్ని 1970లోనే ఆమోదించారు గాని, అది అమల్లోకి వచ్చింది 1975 చివర్లో. ఆడమనిషి అన్న కారణంతో ఉద్యోగం నిరాకరించడం తప్పని చెప్పిన చట్టం కూడా 1975లోనే వచ్చింది. లండన్ పోలీసుల్లో 1973 దాకా ఆడవాళ్ళది వేరే విభాగం. విదేశాంగశాఖలో పెళ్ళి చేసుకున్న మహిళ ఉద్యోగం వదులుకోవాలనే నిబంధన 1973 వరకూ నడిచింది. అంటే కార్డీలియా తన పేరున్న కంచు పలకను దించకుండా ఉంచిన ఏడాదికి, ఆమెకు ఏ పని తగదో చెప్పే హక్కు చట్టప్రకారమే యజమానుల చేతిలో ఉంది.

కార్డీలియాకు మొదటి కేసు కేంబ్రిడ్జి నుంచి వస్తుంది. సర్ రొనాల్డ్ కాలెండర్ అనే ప్రసిద్ధ శాస్త్రవేత్త దగ్గర పనిచేసే మిస్ లీమింగ్ స్వయంగా ఆఫీసుకు వచ్చి ఆమెను తీసుకెళుతుంది. ఆయన కొడుకు మార్క్ డిగ్రీ పూర్తికాకుండానే విశ్వవిద్యాలయం వదిలి, పల్లెటూళ్ళో ఒక కుటుంబం దగ్గర తోటమాలిగా చేరాడు. కొద్దివారాలకే ఆ తోట చివరి కుటీరంలో ఉరికి వేలాడుతూ కనిపించాడు. ఆత్మహత్య అని విచారణ ముగిసింది. ఎందుకు చేసుకున్నాడో కనుక్కోవాలి, అదీ పని. ఫీజు ఎంతని అడిగితే కార్డీలియా రోజుకు 5 పౌండ్లు, ఖర్చులు అదనం అంటుంది. ఆ ఖర్చులు వీలైనంత తగ్గించుకుంటామని కూడా చెబుతుంది. అపరాధ పరిశోధన సాహిత్యంలో ఇంత నిజాయితీగా జీతం మాట్లాడుకున్న డిటెక్టివ్‌లు తక్కువ. షెర్లాక్ హోమ్స్ డబ్బు ప్రసక్తిని రాజులకూ రాణులకూ వదిలేస్తాడు. అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్‌కు ఆ అవసరమే లేదు. కార్డీలియా పర్సులో ఎంత ఉందో మాత్రం పాఠకుడికి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది.

ఖర్చు తగ్గుతుందని ఆమె హోటల్లో దిగకుండా నేరుగా ఆ కుటీరానికే వెళ్ళి కాపురం పెడుతుంది. చనిపోయిన కుర్రవాడి పక్కమీద పడుకుంటుంది, అతని పొయ్యి వెలిగిస్తుంది, అతను తవ్విన తోటలో నడుస్తుంది. ఈ భాగం నవలకు ప్రాణం.

తోటలో మట్టి తవ్వే పార నేలలో గుచ్చి అలాగే ఉంది. తవ్వుతున్న వరుస ఇంకో రెండడుగుల్లో పూర్తవుతుందనగా ఆగిపోయింది. మిగతా పనిముట్లు చూస్తే మార్క్ ఎంత పద్ధతి మనిషో తెలుస్తోంది. అన్నీ శుభ్రంగా తుడిచి, వరుసగా తగిలించి ఉన్నాయి. అలాంటివాడు పార కడగకుండా, వరుస ముగించకుండా వదిలేసి లోపలికి ఎందుకు వెళ్ళాడు? వాకిట్లో మట్టి అంటిన బూట్లు చెరోవైపు పడి ఉన్నాయి. లోపల గిన్నెలో రాత్రి భోజనానికి వండుకున్న మాంసం కూర తాకకుండా ఉండిపోయింది. చనిపోదామని నిశ్చయించుకున్న మనిషి సాయంత్రం కూర వండుకుంటాడా? పోలీసులూ ఇవన్నీ చూశారు. చూసి, మతి చెడిన కుర్రాడు కదా అనుకుని వదిలేశారు. ఆ ఇంట్లో బతుకుతూ చూడటం వల్ల కార్డీలియాకు మాత్రం ప్రతి వస్తువూ ఆ మనిషి అలవాటుతో కలిపి కనిపిస్తుంది. ఎవరో తోటలోకి వచ్చి పిలిచారు, అతను పని ఆపి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఈ ఊహకు ఆమె చేరేది భూతద్దంతో కాదు. ఇంటిపని, తోటపని చేసిన చేతులకు పనిముట్టు ఎలా వదలాలో తెలుసు. ఆ తెలివి ఆమెకు సాక్ష్యం అయింది.

ఇంటిపని ఆమెకు ఎలా వచ్చిందన్న కథ కూడా ఉంది. కార్డీలియా పుట్టిన గంటలోపే తల్లి చనిపోయింది. తండ్రి మార్క్సిస్టు కవి, ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి. పిల్ల వాళ్ళింట్లో వీళ్ళింట్లో పెరిగింది. అదే ఇంటిపేరున్న ఇంకో అమ్మాయి బదులుగా పొరపాటున ఆమెను ఒక కాథలిక్ కాన్వెంటులో చేర్చుకున్నారు. ఆ పొరపాటు ఆమె జీవితంలో జరిగిన గొప్ప మేలు. ఆరేళ్ళు అక్కడ హాయిగా చదువుకుంది. కేంబ్రిడ్జిలో సీటు సంపాదిస్తుందని టీచర్లు ఆశపడ్డారు. 16 ఏళ్ళు వచ్చేసరికి తండ్రి కబురుపెట్టి, తన బృందానికి వంటచేయడానికీ, సేవ చేయడానికీ, ఉత్తరాలు మోయడానికీ పిలిపించుకున్నాడు. రచయిత్రికి చదువాగిన వయసూ 16, ఆమె కథానాయికకూ 16. ఇద్దరూ కేంబ్రిడ్జిని బయటినుంచి చూసినవాళ్ళే. నవలలో కార్డీలియా ఆ ఊరి నదినీ, చర్చిలనీ, గడ్డి మైదానాలనీ చూసి మురిసిపోయే పేజీలు చదువుతుంటే, అందని చదువుమీద ఒక మనిషికి ఎంత ప్రేమ ఉంటుందో తెలుస్తుంది. మార్క్ స్నేహితులైన విద్యార్థులు ఆమెను పడవ షికారుకు తీసుకెళతారు, విందులకు పిలుస్తారు. ఆమె కూడా తమలో ఒకతే అన్నట్టు ఉంటారు. అడగవలసిన ప్రశ్న అడగ్గానే ఆమె మళ్ళీ బయటి మనిషి అవుతుంది.

ఇక సినిమా సంగతికి వద్దాం. క్రిస్ పెటిట్ అసలు సినిమా విమర్శకుడు. లండన్ వారపత్రిక ‘టైమ్ అవుట్’లో సినిమా శాఖ చూసేవాడు. 1979లో తొలి చిత్రం ‘రేడియో ఆన్’ తీశాడు. సోదరుడి చావుకు కారణం వెతుక్కుంటూ ఒక మనిషి కారులో లండన్ నుంచి బ్రిస్టల్ దాకా వెళ్ళడం, అంతే కథ. నలుపు తెలుపులో రోడ్లు, ఫ్యాక్టరీలు, పెట్రోలు బంకులు, కారులో పాటలు. జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ సంస్థ దాని నిర్మాణంలో భాగం పంచుకుంది. ఛాయాగ్రాహకుడు మార్టిన్ షేఫర్ కూడా వెండర్స్ బృందం నుంచే వచ్చాడు. చనిపోయినవాడి జాడలో బతికున్న మనిషి తిరగడం, ఆ తిరగడంలో జవాబుకన్నా చావు తాలూకు వాతావరణమే ఎక్కువ దొరకడం, ఇదీ పెటిట్ ఇష్టపడే కథ. రెండో సినిమాకు పి. డి. జేమ్స్ నవలను ఎందుకు ఎంచుకున్నాడో ఇక చెప్పనక్కర్లేదు. షేఫర్‌నే మళ్ళీ వెంటబెట్టుకున్నాడు. ఎలిజబెత్ మెకే, బ్రయన్ స్కోబీలతో కలిసి స్క్రిప్టు రాసుకున్నాడు.

నిర్మాతల్లో ఒకరైన మైకేల్ రెల్ఫ్ ఆనాటికే బ్రిటిష్ సినిమాలో పెద్దాయన. ఈలింగ్ స్టూడియోలో కళాదర్శకుడిగా పేరు తెచ్చుకుని, దర్శకుడు బాసిల్ డియర్డెన్‌తో కలిసి 1959లో ‘సఫైర్’, 1961లో ‘విక్టిమ్’ లాంటి నేరకథలు తీసినవాడు. లండన్‌లో నల్లజాతివారిమీద ఉన్న ద్వేషం గురించి మొదటిది, స్వలింగ సంపర్కం నేరంగా ఉన్న రోజుల్లో బ్లాక్‌మెయిల్ గురించి రెండోది. నేరకథను అడ్డుపెట్టుకుని సమాజాన్ని నిలదీయడం ఆయనకు అలవాటైన విద్య. పాతతరం నిర్మాత, కొత్తతరం దర్శకుడు ఈ సినిమా దగ్గర కలిశారు.

కార్డీలియాగా పిప్పా గార్డ్ నటించింది. అంతకుముందు ఏడాది బీబీసీ తీసిన షేక్స్‌పియర్ నాటకం ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లో హెర్మియా వేషం వేసిన నటి. ఆమె మొహంలో అమాయకత్వమూ మొండితనమూ ఒకేసారి కనిపిస్తాయి. ఈ పాత్రకు కావలసింది సరిగ్గా అదే. ఎదుటివాళ్ళు ఈ పిల్ల ఏం చేస్తుందిలే అనుకోవాలి, ప్రేక్షకుడికి మాత్రం ఆ కళ్ళు దేన్నీ వదలడం లేదని తెలియాలి. మిస్ లీమింగ్‌గా బిల్లీ వైట్‌లా. శామ్యూల్ బెకెట్ తన నాటకాలకు కోరి ఎంచుకున్న నటి ఆమె. 1973లో లండన్‌లో బెకెట్ నాటిక ‘నాట్ ఐ’లో చీకటి వేదికమీద ఆమె నోరు ఒక్కటే వెలుగులో కనిపిస్తుండగా ప్రేక్షకుల్ని కట్టిపడేసింది. అలాంటి మనిషి ఈ సినిమాలో ఎక్కువసేపు మౌనంగా ఉంటుంది. ఆ మౌనం వెనక ఏముందోనన్న అనుమానం కథ పొడుగునా ప్రేక్షకుడి వెంట వస్తుంది. కాలెండర్ పాత్ర పాల్ ఫ్రీమన్‌ది. అంతకుముందు ఏడాదే ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’లో ఇండియానా జోన్స్‌కు ప్రత్యర్థిగా లోకమంతా చూసిన నటుడు. నవలలోని రొనాల్డ్ పేరు సినిమాలో జేమ్స్‌గా మారింది. స్థానిక పోలీసు సార్జెంట్ మాస్కెల్‌గా డేవిడ్ హొరోవిచ్ వేశాడు. రెండేళ్ళ తరువాత బీబీసీ మిస్ మార్పుల్ ధారావాహికలో ఆ ముసలావిడ చేతిలో మాటిమాటికీ ఓడిపోయే ఇన్‌స్పెక్టర్ స్లాక్ ఇతనే.

నవలనుంచి పెటిట్ ఒక పెద్ద మనిషిని తీసేశాడు. డాల్‌గ్లీష్ ఈ సినిమాలో లేడు. పుస్తకంలో చివర ఆయన వచ్చి కార్డీలియాను గంటలతరబడి ప్రశ్నిస్తాడు. ఆమె తనకు తెలిసిన నిజం చెప్పదు. చనిపోయిన కుర్రవాడి గౌరవం కాపాడటానికి, బెర్నీ నేర్పిన పాఠాలనే అడ్డుపెట్టుకుని, ఆ పాఠాలు పుట్టించిన గురువునే ఎదుర్కొంటుంది. అపరాధ పరిశోధన సాహిత్యంలో ఇంత అందమైన ముఖాముఖి అరుదు. అది తెరమీద లేకపోవడం నష్టమే. అయితే లాభం కూడా ఉంది. పేరున్న మగ డిటెక్టివ్ వచ్చి ఆమెకు మార్కులు వేసే సందర్భం పోయింది. మొదటినుంచి చివరిదాకా ఇది ఆమె కథే అయింది.

దానికి బదులు సినిమా వేరే దారి పట్టింది. కుటీరంలో కార్డీలియా మార్క్ బట్టలు వేసుకుంటుంది. అతని వస్తువుల మధ్య అతనిలాగే బతకడం మొదలుపెడుతుంది. విషయం తెలుసుకోవడానికి వెళ్ళిన మనిషి మెల్లగా ఆ చనిపోయినవాడి ఆకర్షణలో పడిపోతుంది. ఉరి ఎలా పడిందో చూద్దామని తానే ఆ ఉచ్చును ప్రయత్నించి చావు అంచుదాకా వెళ్ళే దృశ్యం ఒకటి ఉంది. నవలలో ఆమె ముడిని పరిశీలిస్తుంది, లెక్క వేస్తుంది. సినిమాలో ఆ ముడి ఆమె మెడదాకా వస్తుంది. పరిశోధకురాలికీ మృతుడికీ మధ్య ఉండవలసిన దూరం చెరిగిపోయిందని ఆ ఒక్క దృశ్యంతో పెటిట్ చెప్పేశాడు. మాటలతో చెబితే సగం బలం కూడా ఉండేది కాదు.

ఇందులో పోయినదీ ఉంది. నవలలోని కార్డీలియా భయపడుతుంది గాని మతి చెదరదు. ఆమెను ఎవరో బావిలో పడేస్తే, గోడకు వీపు ఆనించి, పాదాలతో ఎదుటి గోడను తన్నిపట్టి, నడుముకు చుట్టుకున్న, మార్క్ ఉరికి వాడిన తోలు పట్టీ సాయంతో అంగుళం అంగుళం పైకి వస్తుంది. చంపడానికి పనికొచ్చిన పట్టీ ఆమెను బతికించింది. ఆ ఓర్పు, ఆ పొదుపు, చేసిన ప్రతి ఖర్చునూ రాసుకునే ఆ పద్ధతి, వీటితోనే ఆమె మనకు ఆప్తురాలవుతుంది. సినిమా ఆమెను మరీ కలలో నడిచే మనిషిని చేసింది. ఆమె పని ఒక ఉద్యోగమన్న సంగతి అక్కడక్కడ మరిచిపోయింది. అయినా చీకటి గదుల్నీ, తడిసిన తోటనీ షేఫర్ చూసిన తీరులో, పల్లెటూరి బంగళా హత్యలంటే టీ కప్పుల సరదా అన్న అలవాటుకు పూర్తిగా స్వస్తి చెప్పింది. ఆ ఇంట్లో చావు నిజంగా చావులాగే ఉంటుంది.

కార్డీలియా కల్పితపాత్ర. ఆమె పని కల్పన కాదు. బ్రిటన్‌లో ఆడ డిటెక్టివ్‌ల చరిత్ర చాలా పాతది, అది ఎక్కువభాగం విడాకుల చట్టంతో ముడిపడినది. 1857లో విడాకుల వ్యవహారాన్ని మామూలు కోర్టుకు అప్పగించారు. భార్య తప్పు చేసిందని రుజువు చేస్తే భర్తకు విడాకులు వచ్చేవి. భర్త అదే తప్పు చేస్తే భార్యకు అది చాలదు. దానికి తోడు అతను హింసించాడనో, వదిలేసి పోయాడనో కూడా నిరూపించాలి. ఈ అన్యాయం 1923 దాకా సాగింది. రుజువు కావాలంటే హోటళ్ళ దగ్గర కాపుకాసి, పనివాళ్ళతో మాట్లాడి, రైళ్ళలో వెంటాడి సాక్ష్యం తేవాలి. వసతిగృహంలోకి, పడకగది దాకా, పనిమనిషిగానో పొరుగావిడగానో అనుమానం రాకుండా వెళ్ళగలిగేది ఆడమనిషే. అందుకే మగ డిటెక్టివ్‌లే ముందు ఆడవాళ్ళను కూలికి పెట్టుకున్నారు. తరువాత వాళ్ళే సొంతంగా బోర్డులు కట్టారు. మాడ్ వెస్ట్ అనే ఆమె 1905లో లండన్‌లో ఏజెన్సీ తెరిచి, పత్రికల్లో ప్రకటనలిచ్చి, దశాబ్దాలపాటు నడిపింది. మగవేషం వేసుకున్న ఫొటోలు కూడా దిగింది. నటిగా పనిచేసి ఈ వృత్తిలోకి వచ్చిన కేట్ ఈస్టన్ ఆమెకు పోటీ. ఆడవాళ్ళకు ఓటుహక్కు రాకముందే వీళ్ళు లండన్ నడిబొడ్డున ఆఫీసులు నడిపారు.

పుస్తకాల్లో ఆడ డిటెక్టివ్ ఇంకా ముందే వచ్చింది. 1864లో ‘ది ఫీమేల్ డిటెక్టివ్’, ‘రెవెలేషన్స్ ఆఫ్ ఎ లేడీ డిటెక్టివ్’ అని రెండు పుస్తకాలు ఒకే ఏడాది వెలువడ్డాయి. షెర్లాక్ హోమ్స్ పుట్టడానికి అప్పటికింకా 23 ఏళ్ళుంది. 1890లలో క్యాథరిన్ లూయిసా పిర్కిస్ సృష్టించిన లవ్‌డే బ్రూక్ అయితే జీతానికి పనిచేసే డిటెక్టివ్. కార్డీలియాకు అసలైన పెద్దక్క ఆమే.

ఈ తరహా ఆడమనిషిని సినిమా పట్టించుకోలేదు. బ్రిటిష్ తెరకు నచ్చినది మిస్ మార్పుల్. 1961లో ‘మర్డర్ షీ సెడ్’తో మొదలై నాలుగు సినిమాల్లో మార్గరెట్ రూథర్‌ఫర్డ్ ఆ పాత్ర వేసింది. మొదటిది విడుదలయ్యేనాటికి ఆమెకు 69 ఏళ్ళు. అగాథా క్రిస్టీకి ఆ సినిమాలు అంతగా నచ్చలేదు, నటి మాత్రం ఎంతో నచ్చి 1962లో వచ్చిన నవలను ఆమెకు అంకితమిచ్చింది. రూథర్‌ఫర్డ్ చూడముచ్చటైన నటి, అందులో సందేహం లేదు. కానీ మార్పుల్‌కు నేరపరిశోధన కాలక్షేపం. ఆమె ఎవరికీ బిల్లు పంపదు. నెలాఖరుకు ఇల్లు గడుస్తుందా అన్న చింత ఆమెకు లేదు.

1982 ఈ విషయంలో గుర్తుంచుకోవలసిన ఏడాది. పెటిట్ సినిమా వచ్చిన ఆ ఏడాదే అమెరికాలో సారా పరెట్‌స్కీ తన వి. ఐ. వార్షాస్కీని, స్యూ గ్రాఫ్టన్ తన కిన్సీ మిల్హోన్‌ను పరిచయం చేశారు. ఇద్దరూ ప్రైవేటు డిటెక్టివ్‌లే, ఇద్దరూ ఒంటరిగా సంపాదించుకునే ఆడవాళ్ళే. వాళ్ళకు పదేళ్ళ ముందే కింగ్లీ స్ట్రీట్‌లో కార్డీలియా ఆఫీసు తెరిచి కూర్చుంది. ఆ అమెరికన్లిద్దరూ వరుసగా నవలలై, లక్షల ప్రతులై సాగిపోయారు. కార్డీలియాకు అంత ఆయుష్షు దక్కలేదు.

ఆమె రెండో నవల ‘ది స్కల్ బినీత్ ది స్కిన్’ కూడా 1982లోనే వచ్చింది. తరువాత 1997లో ఐటీవీ ఛానల్ ఆమెను టెలివిజన్‌కు తెచ్చింది. హెలెన్ బాక్సెండేల్ నటించిన ఆ ధారావాహిక 2001 వరకు వచ్చింది. మొదటి కథ బాగానే ఉంది. ఆపైన నటి గర్భవతి కావడంతో, కార్డీలియాను కూడా పెళ్ళికాని తల్లిగా కథలో మార్చేశారు. జేమ్స్ దీనికి చాలా నొచ్చుకుంది. ఆ పాత్ర ఇక తనది కాదనుకుంది. నిజమే, పాత్ర జీవితంలో అంత పెద్ద మలుపును సృష్టించినవాళ్ళ మనసుకు విరుద్ధంగా తిప్పడం సబబు కాదు. ఆపైన కూడా ఆమె డాల్‌గ్లీష్ నవలలు రాసింది గాని, 2014లో 94 ఏళ్ళ వయసులో చనిపోయేవరకు కార్డీలియాతో మూడో నవల రాయలేదు. పాఠకులు ముప్పై ఏళ్ళకు పైగా ఎదురుచూశారు.

ఈమధ్య ఎనోలా హోమ్స్ వచ్చింది. షెర్లాక్‌కు చెల్లెలుంటే అన్న ఊహతో నాన్సీ స్ప్రింగర్ రాసిన నవలల ఆధారంగా 2020లో మొదటి సినిమా, 2022లో రెండోది. రెండో సినిమా మొదట్లో ఎనోలా సొంతంగా ఏజెన్సీ పెడుతుంది. వచ్చినవాళ్ళు ఈ చిన్నపిల్లా అని వెనక్కి తిరుగుతారు. అందులోని కేసు 1888లో లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆడపిల్లలు చేసిన నిజమైన సమ్మె దగ్గరికి తీసుకెళుతుంది. ఆ సమ్మె నాయకుల్లో ఒకరైన శారా చాప్‌మన్ సినిమాలో పాత్రగా కనిపిస్తుంది. సరదా సినిమాయే అయినా, ఆడవాళ్ళ పనిగురించి మాట్లాడింది. మన హైదరాబాదు పాతబస్తీ మొఘల్‌పురాలో కూడా ఒక ఆడ డిటెక్టివ్ తెరమీద తిరిగింది. 2014లో వచ్చిన హిందీ సినిమా ‘బాబీ జాసూస్’లో విద్యాబాలన్ వేసిన బిల్కీస్‌కు డిటెక్టివ్ కావాలన్నది కోరిక, ఇంట్లో తండ్రికి అది ఇష్టం లేదు. లండన్ బారులో ఆవిడ అన్న మాటే ఇక్కడ ఇంటి పెద్ద నోట వినిపిస్తుంది.

బ్రిటన్‌లో ఇప్పటికీ ప్రైవేటు డిటెక్టివ్‌గా పనిచేయడానికి ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి కాదు. 2001లో చేసిన చట్టం అందుకు వీలు కల్పించింది, 2013లో అమలు చేస్తామని ప్రకటన కూడా వచ్చింది, ఆచరణలోకి మాత్రం రాలేదు. అంటే బెర్నీ ప్రైడ్‌లా ఎవరైనా ఒక గది తీసుకుని, గోడకు పలక తగిలించి పని మొదలుపెట్టవచ్చు. బాగా చేసేవాళ్ళకూ చెడగొట్టేవాళ్ళకూ అదే తలుపు.

పి. డి. జేమ్స్ రెండో నవలలో కార్డీలియా ఏజెన్సీ ఇంకా నడుస్తూనే ఉంది. ఒక పెద్దావిడా, బెవిస్ అనే ఒక కుర్రాడూ ఆమె దగ్గర పనిచేస్తుంటారు. ఇద్దరికీ వారంవారం జీతమివ్వాలి. హత్యకేసులు రోజూ రావు కదా, అందుకని ఆఫీసు ఎక్కువగా తప్పిపోయిన పెంపుడు జంతువుల్ని వెతికిపెడుతుంటుంది, ముఖ్యంగా పిల్లుల్ని. కార్డీలియా దాన్ని చిన్నతనంగా అనుకోదు. పిల్లి పోయినవాళ్ళ బాధ కూడా ఆమెకు బాధే, పైగా ఆ పనికి డబ్బులు సక్రమంగా వస్తాయి. ఆ నవల ఆమెను డోర్సెట్ తీరంలోని ఒక దీవికి, ఒక నటికి కాపలాగా తీసుకెళుతుంది. అక్కడ ఏం జరిగిందన్నది ఇంకో ప్రసంగానికి సరిపడా కథ. సినిమా చూడదలచినవారు ముందు నవల చదివి చూస్తే, పెటిట్ ఏది తీసుకున్నాడో, ఏది వదిలాడో వారికే తెలుస్తుంది. హంతకుడెవరో ఇక్కడ చెప్పలేదు, అది చదివి తెలుసుకోవలసిందే.